పరిషత్తునకు పంపు చిన్న పత్రము

మిర్యాలగూడ వైపునుండి నాగార్జునసాగరమునకు పోవువారికి హాలియా దారిలో తగులును. ఆ పేరే గల వాగొకటి ఈ ప్రాంతమున పారి కృష్ణానదిలో కలియుచున్నది. యాత్రికులు పెక్కుమంది ఇచ్చట తేనీరు త్రాగి, బస్సు కదలగానే ఊరిపేరు మరచి, ఆనకట్టను గూర్చి మాటలాడుకొనుచు ముందునకు సాగిపోవుదురు. మేము మాత్రము ఈ పేరును మరవజాలము. ఏలయన మా మొదటి పరిశోధన పత్రము ఈ పేరుమీదనే బయలుదేరి, ఈ పేరుమీదనే బోర్లపడినది.

కొన్ని యేండ్ల క్రిందట ఒక చరిత్ర పరిషత్తువారు పత్రములు కోరుచు, ముందుగా 300 మాటలకు మించని సంక్షేపమును పంపవలసినదని ప్రకటించిరి. విశ్వవిద్యాలయమున చరిత్ర చదివినవారము, దినదినము రేడియోలో మాటలతోనే బ్రతుకువారము, 300 మాటలు మాకొక లెక్కా యని తలచితిమి. 'హాలియా: హాలుని నగరము' అని శీర్షిక పెట్టితిమి. సాతవాహనుల ప్రతాపము, గాథాసప్తశతి మాధుర్యము, కృష్ణాతీరమున బౌద్ధ ధర్మవ్యాప్తి, కాకతీయుల నాటి చెరువులు, నేటి సాగరజలములు – అన్నిటిని ఆ 300 మాటలలో కూరితిమి. చివర 'ఈ విషయములన్నియు పత్రమున విపులముగా చర్చింపబడును' అని హామీకూడ నిచ్చితిమి.

రెండు వారములకు అది తిరిగివచ్చినది. అంచున ఎవరో ఒక ప్రశ్న వ్రాసిరి: 'ఈ యూరిపేరు వ్రాతలో మొదట ఎప్పుడు, ఏ రూపమున కనబడినది?'

ఆ రాత్రి మాకు కోపమువలన నిద్రపట్టలేదు. మరునాటి రాత్రి సిగ్గువలన పట్టలేదు. ఆ ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేదు. హాలుడన్న పేరు చెవిని బడగానే హాలియాతో ముడివేసితిమేగాని, హలమన్న నాగలి యనియు, హాలికుడన్న నాగలి పట్టువాడనియు మాకు తెలియనిది కాదు. రాజుపేరు ఎంత పొసగునో నాగలియు అంతే పొసగును. ఈ రెండును గాక మూడవది ఏదైనను పొసగవచ్చును. శాసనము లేదు, కైఫీయతు లేదు, పాత పటము లేదు. చెవికి ఇంపైన పోలిక యొక్కటే యున్నది. మేము పంపినది పత్ర సంక్షేపము కాదు, ప్రారంభోత్సవ సభలో చదువదగిన స్వాగతోపన్యాసము.

చిన్న పత్రమును ఎట్లు వ్రాయవలెనని ఇటీవల మమ్ము కొందరు యువకులు, ఇద్దరు ముగ్గురు పాఠశాలోపాధ్యాయులు అడిగిరి. సూత్రములు చెప్పుటకంటె, ఈ కృష్ణాతీరముననే జరిగిన చరిత్రను చెప్పుట మేలని తోచినది.

1926వ సంవత్సరమున సూరపరాజు వేంకటరామయ్యయను స్థానికోపాధ్యాయుడు నాగార్జునకొండ లోయలో ఒక ప్రాచీన స్తంభమును చూచి, ఆ సంగతిని మద్రాసు ప్రభుత్వమునకు తెలియజేసెను. ఆ లోయ నాడు గుంటూరు మండలములోని పల్నాడు సీమకు చేరినది. చుట్టును కొండలు, ఒక ప్రక్క కృష్ణ; బండి పోవుటకైనను సరియైన బాట లేని చోటు. ఉపాధ్యాయుని వార్త అందిన పిమ్మట మద్రాసు శాసన పరిశోధన శాఖలో తెలుగు సహాయకుడుగా నుండిన సరస్వతిగారు అచ్చటికి పోయి చూచి, అది సామాన్యమైన స్థలము కాదని గుర్తించిరి. ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రెయి కూడ ఆ సంవత్సరముననే అచ్చటి శిథిలములను పరిశీలించెను. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్టు దొర త్రవ్వకములు జరిపించెను. మహాచైత్యము, విహారములు, ఆయక స్తంభములు, వానిపై ప్రాకృత శాసనములు ఒక్కొక్కటిగా వెలువడెను. వోగెల్ పండితుడు ఆ శాసనములను చదివి 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించెను. ఇక్ష్వాకు రాజుల విజయపురి వెలుగులోనికి వచ్చినది.

ఈ వరుసలో తొలి మెట్టు ఏది? పెద్ద గ్రంథము కాదు. విశ్వవిద్యాలయపు పట్టా కాదు. ఇక్ష్వాకుల వంశావళి ఆ ఉపాధ్యాయునికి అప్పటికి తెలియదు. నిజమునకు ఎవరికిని సరిగా తెలియదు. ఆయన చూచినది స్తంభము. తెలిపినది స్తంభమును గూర్చి. తెలిపినది దానిని పరిశీలింపగల వారికి. ఈ స్తంభమును ఆధారము చేసికొని శ్రీపర్వత మాహాత్మ్యమును నలువది పుటలు వ్రాసి యే పత్రికకో పంపియుండినచో ఏమి జరిగియుండునో మేము ఊహింపలేము గాని, మేమైనచో ఆ పనియే చేసియుందుమని మాత్రము ఒప్పుకొనవలెను.

చిన్న పత్రమనగా పెద్ద పత్రమును కుదించినది కాదు. ఇది మాకు రేడియోలోనే తెలిసియుండవలసినది. గంటసేపు చెప్పదగిన ప్రసంగమును తెచ్చి పదునైదు నిమిషములలో చదువబోయిన పండితులను మేము ఎందరినో చూచితిమి. వారు మూడు వాక్యములకు ఒక వాక్యము కొట్టివేయుదురు. మిగిలినది ప్రసంగము కాదు, పండ్లూడిన దువ్వెన. పదునైదు నిమిషముల ప్రసంగము మొదటినుండియు పదునైదు నిమిషముల ప్రసంగముగానే పుట్టవలెను. అట్లే 300 మాటల సంక్షేపము 300 మాటలకు సరిపోవు ఒక్క ప్రశ్నతో పుట్టవలెను.

తెలుగునాటికి సంబంధించిన మరియొక యుదాహరణము కలదు. 1816లో కాంబెల్ దొర తెలుగు వ్యాకరణమును మద్రాసులో ప్రకటించినప్పుడు, దాని పీఠికకు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక టిప్పణి చేర్చెను. దక్షిణదేశ భాషలు సంస్కృతమునుండియే పుట్టినవని పాశ్చాత్య పండితులు కొందరు చెప్పుచుండిన కాలమది. ఎల్లిస్ ఆ వాదమును గంభీర వాక్యములతో ఖండింపలేదు. ధాతువులను వరుసలుగా పేర్చి చూపెను. తెలుగు ధాతువులు సంస్కృత ధాతువులతో కలియకపోవుటయు, తమిళ కన్నడములతో కలియుటయు చదువరి కంటికే కనబడునట్లు చేసెను. సెంటు జార్జి కోట కళాశాలయందలి తెలుగు పండితుడు పట్టాభిరామశాస్త్రిగారి శ్రమ ఆ పట్టికల వెనుక కలదు. కాల్డ్వెల్ ద్రావిడ భాషల వ్యాకరణము 1856లో గదా వెలువడినది. అంతకు నలువదియేండ్లకు ముందే ఈ టిప్పణి మూలాంశమును స్థాపించినది. ఒకరి పుస్తకమునకు మరియొకరు వ్రాసిన టిప్పణియగుటచే కాబోలు, దానికి రావలసిన పేరు చాలకాలము రాలేదు. అది వేరు సంగతి. ఒక్క ప్రశ్న, దానికి తగిన ఆధారము, ఆధారమును ఎవరైనను సరిచూచుకొనగల యేర్పాటు – ఈ మూడును అందున్నవి.

పండితులు ఒకచోట గూడి చిన్న పత్రములు చదువుకొను ఆచారము మన దేశమున స్థిరపడినది ఇరువదవ శతాబ్దమునందే. అఖిలభారత ప్రాచ్య పరిషత్తు 1919లో పూనాలో మొదటిసారి సమావేశమైనది. భారత చరిత్ర పరిషత్తునకును పూనాయే జన్మస్థానము, సంవత్సరము 1935. ఈ రెండు పరిషత్తులును 1941లో హైదరాబాదున సమావేశమైనవి. తెలుగు దేశమున అంతకు ముందే, 1922లో, రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడినది. హైదరాబాదున కొమర్రాజు లక్ష్మణరావుగారి పేరిట వెలసిన పరిశోధక మండలి తెలంగాణమునందలి శాసనములను సేకరించి 1935లో ఒక సంపుటముగా ప్రకటించినది. ఇట్టి మండలుల పనిలో ప్లీడర్లు, ఉపాధ్యాయులు, పత్రికల వారు పాల్గొనిరి. వీరికి సంవత్సరములకొలది గ్రంథాలయములలో కూర్చుండు తీరిక లేదు. తమ తాలూకాలో ఒక రాయి దొరికినది, దానిపై అక్షరములున్నవి, ఆ సంగతి పదిమందికి తెలియవలెను. చిన్న పత్రము వారికి అనుకూలమైన రూపము. నేటికిని అది అట్టివారికే ఎక్కువ అక్కరకు వచ్చునని మా యభిప్రాయము.

సంక్షేపమునకు మాదిరి కావలసినవారు ఇక్ష్వాకుల శాసనములనే చూడవచ్చును. రాతిపై చెక్కువానికి మాట మాటకును శ్రమ గలదు. మహాచైత్యపు స్తంభ శాసనములను చూడుడు. ఏ రాజు యొక్క ఎన్నవ సంవత్సరము, ఏ ఋతువు, ఏ పక్షము, ఏ దినము, ఇచ్చినవారెవరు, ఎవరి సోదరి, ఎవరి తల్లి, ఇచ్చినదేమి, ఎవరికొఱకు. చాంతిసిరి యిచ్చిన స్తంభములు వీరపురుషదత్తుని ఆరవ సంవత్సరము నాటివని మనకు తెలియుటకు కారణము ఆ క్రమమే. బోధిసిరి యను ఉపాసిక శాసనమున కాశ్మీర, గాంధార, చీన, తోసలి, వంగ, వనవాసి మొదలగు దేశముల పేర్లు వరుసగా నున్నవి. తామ్రపర్ణి ద్వీపపు థేరులు ధర్మముచేత ప్రసన్నులను గావించిన దేశములవి. కొన్ని పంక్తులలో సగము ఆసియా పటము ఇమిడినది. అందు విశేషణములు లేవని మేము అనము. రాజునకు మాత్రము ధారాళముగా నున్నవి. అయినను వానిని తీసివేసినను శాసనము నిలుచును. మా మొదటి సంక్షేపమునుండి విశేషణములను తీసివేసినచో శీర్షికయు మా పేరును మాత్రమే మిగిలినవి.

అదే లోయలో ఆభీర వసుసేనుని శాసనమొకటి దొరికినది. అందు '30వ సంవత్సరము' అని యున్నది. దేనికి 30? రాజ్యారంభమునుండియా, లేక ఏదైనను శకమునుండియా? క్రీ.శ. 248 ప్రాంతమున మొదలైన శకముగా గణించినచో అది సుమారు క్రీ.శ. 278 అగును, రాజ్యవర్షముగా గణించినచో లెక్క వేరగును. ఆ లెక్కనుబట్టి ఇక్ష్వాకుల కాలమే కొంత ముందునకో వెనుకకో జరుగును. పండితులు ఈ ఒక్క అంకెపై వాదించిరి. చిన్న పత్రమునకు ఇట్టి ప్రశ్న దొరికినవాడు ధన్యుడు. ప్రశ్న చిన్నది, సమాధానముపై ఆధారపడినది మాత్రము పెద్దది.

ఇక మా రెండవ ప్రయత్నమును గూర్చి చెప్పుదుము. అది సంక్షేపమును కట్టు తీరును చూపుటకు పనికివచ్చును.

నాగార్జునకొండ కృష్ణకు కుడిగట్టున నున్నది. ఏలేశ్వరము ఎడమగట్టున, నల్లగొండ మండలమున ఉండెడిది. నదికి ఆవలిది మద్రాసు రాష్ట్రము, 1953 తరువాత ఆంధ్రరాష్ట్రము. ఈవలిది నిజాము రాజ్యము, పిదప హైదరాబాదు రాష్ట్రము. 1956 వరకు ఒక్క నదికి రెండు ప్రభుత్వములు. ఆవలిగట్టున లాంగ్‌హర్స్టు, 1938లో రామచంద్రన్ త్రవ్వించిరి. ఈవలిగట్టున, 1914లోనే పురావస్తు శాఖను స్థాపించుకొన్న రాజ్యమై యుండియు, ఏలేశ్వరపు పెద్ద త్రవ్వకము ఆనకట్ట కట్టుట మొదలైన పిమ్మటనే జరిగినది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1954 నుండి 1960 వరకు సుబ్రహ్మణ్యముగారి యాజమాన్యమున నాగార్జునకొండ లోయయంతయు త్రవ్వబడినది. ఏలేశ్వరమున అబ్దుల్ వహీద్ ఖాన్‌గారు త్రవ్వించి, 1963లో నివేదిక ప్రకటించిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువకు జవహర్ అనియు, ఎడమకాలువకు లాల్ బహదూర్ అనియు పేర్లు. లోయ మునిగినది. కట్టడములు కొన్ని కొండపైకి తరలింపబడినవి. ఆ కొండ నేడు ద్వీపము. ఏలేశ్వరపు ఊరు నీటి యడుగుననున్నది.

నివేదికలు రెండు, గట్లు రెండు, శాఖలు రెండు. ఈ రెండు గట్ల నడుమ మనుష్యులు ఎట్లు తిరిగిరి? ఇది మాకు హాలియాలో తట్టిన ప్రశ్న. కార్యక్రమము కొఱకు వృద్ధుల మాటలను ధ్వనిముద్రణ చేయుచుండగా, ఒక రైతు తన చిన్ననాట తండ్రితో పుట్టిలో నది దాటిన సంగతి మాటవరుసకు చెప్పెను. పుట్టియనగా గుండ్రని బుట్టవంటి తోలుపడవ. జలాశయము నిండిన పిదప ఆ రేవులు లేవు. ఆ రేవులు ఎరిగినవారు నేడు డెబ్బదియేండ్లకు పైబడినవారే.

ఈసారి తొందరపడలేదు. మొదట తొమ్మిదివందల మాటలు వ్రాసితిమి. అందు మొదటి రెండువందలు ఇక్ష్వాకుల వైభవము! పాత యలవాటు అంత సులభముగా పోదు. దానిని కొట్టివేసితిమి. మొదటి వాక్యముగా ప్రశ్ననే నిలిపితిమి: జలాశయమునకు ముందు, ఏలేశ్వరము ప్రాంతపు ఎడమగట్టు జనులు ఏ రేవులవద్ద, ఏ పనులమీద కృష్ణను దాటుచుండిరి? రెండవ వాక్యమున ఇంతవరకు తెలిసినది చెప్పితిమి: రెండు గట్ల పురావస్తు నివేదికలు కట్టడములను గూర్చి చెప్పినవి, రాకపోకలకు వేరుగా చోటీయలేదు. ఇచ్చట పరుల పనిని తక్కువ చేయు చాపల్యమునకు లోబడరాదు. నీరు వచ్చులోపల లోయను త్రవ్వి తీయుట వారి పని. పుట్టివాని బేరమును వ్రాసికొనుట వారి పని కాదు.

పిమ్మట ఆధారము. ఎంతమంది వృద్ధులను, ఏయే ఊళ్ళలో, ఎట్లు అడిగితిమో చెప్పితిమి. వారి సంఖ్య స్వల్పము. దానిని దాచలేదు. 'అనేకమంది' అని వ్రాయ బుద్ధి పుట్టినది, అంకెయే వేసితిమి. పరిశీలకుడు దినమునకు పదుల సంక్షేపములు చదువును. 'అనేక' మన్న మాట కనబడగానే ఆయనకు 'కొద్ది' యని వినబడును. పిమ్మట ఏమి కనుగొంటిమో చెప్పితిమి. 'చర్చింపబడును', 'వివరింపబడును' అను క్రియలను పూర్తిగా మానితిమి. కనుగొన్న దానిని చెప్పక, చెప్పెదమని చెప్పుట పెండ్లివారికి విస్తరి వేసి వడ్డన మరునాటికి వాయిదా వేయుట వంటిది. చివర మా పరిమితిని ఒక వాక్యమున ఒప్పుకొంటిమి: ఇవి బాల్యస్మృతులు; సంవత్సరములు నమ్మదగినవి కావు, స్థలముల పేర్లు నమ్మదగినవి.

ఏ శాఖకు పంపవలెనన్నదియు ఆలోచింపవలసినదే. పెద్ద పరిషత్తులలో ప్రాచీన, మధ్య, ఆధునిక యుగములకు వేరువేరు శాఖలుండును. పురావస్తు శాఖ వేరు. మా మొదటి పత్రము అన్ని శాఖలకును చెందునది. కనుక దేనికిని చెందలేదు. రెండవదానిని ఆధునిక శాఖకు పంపితిమి. పంపుటకు ముందు రేడియోవారి యలవాటు చొప్పున పైకి చదివి చూచితిమి. ఊపిరి తిరుగని వాక్యము ఎక్కడ నున్నదో అక్కడ ఆలోచనయు చిక్కుపడి యుండుట గమనించితిమి. అట్టివి రెండు వాక్యములు నాలుగైనవి. మాటల లెక్క మాత్రము తగ్గినది. మొత్తము 286 మాటలు.

దానిని అంగీకరించిరి.

సభలో చదువుటకు పది నిమిషములు. పదియవ నిమిషమున గంట మ్రోగులోపల ముగించితిమి. ఈ యొక్క విద్యలో మాత్రము మాకు ఎవరును పోటీ రాజాలరు. చప్పట్లు ఓ మోస్తరుగా వినబడినవి. వెనుక వరుసనుండి ఒక యువతి లేచి అడిగినది: 'పుట్టి కూలి ఏమిచ్చెడివారు? డబ్బా, ధాన్యమా?' రెండు గట్లకు రెండు నాణెములు చెలామణిలో నుండిన కాలమది. ఈవల హాలీ సిక్కా, ఆవల బ్రిటిషు రూపాయి. ఆ ప్రశ్న మా పత్రమంతటికంటె మంచిది. మేము అడుగలేదు.

మరుసటి నెలలో మరల హాలియా పోయితిమి. ఆ రైతును వెదకి పట్టుకొంటిమి. ఆయన వేపచెట్టు క్రింద మంచముపై కూర్చుండి, మేము అడిగినది విని, చాలసేపు ఆలోచించెను.

'నాకు ఎర్క లేదు సారూ. మా నాయిన భుజం మీద కూసున్నోణ్ణి, పైసలు ఇచ్చిండో గింజలు ఇచ్చిండో నేనేడ జూసిన? మా పెద్దన్నకైతే ఎర్కుండె. ఆయన నిరుడు పాయె.'

అచ్చుకు పంపు ప్రతిలో ఒక వాక్యము చేర్చితిమి: పుట్టి కూలి నాణెముగా నిచ్చిరో ధాన్యముగా నిచ్చిరో తెలిసినవారు మాకు దొరకలేదు.